ఐదేళ్ల తర్వాత ఎండే చెట్టు



బీదర్ జిల్లా ఔరాద్‌లో పాత ఇళ్లు ఒక్కొక్కటిగా పోతున్నాయి. రాతి గోడలు, మట్టి మిద్దెలు దించేసి పిల్లర్లు లేపుతున్నారు, స్లాబులు పోస్తున్నారు. ఇల్లు మారుతోంది గానీ ఇంటి ముందరి వేపచెట్టు, వెనక దొడ్లో చింతచెట్టు చాలాచోట్ల అలాగే ఉన్నాయి. కొట్టేస్తే ఇంకో గది వస్తుందని మేస్త్రీ చెప్పినా ఇంటాయన వినలేదు. తాత నాటిన చెట్టు, వేసవిలో మంచం వాల్చుకున్న నీడ, కొట్టడానికి మనసు రాలేదు. అలాంటి మనుషులు మన తాలూకాలో తక్కువేం లేరు. వాళ్లంటే నాకు గౌరవం.

అయితే గృహప్రవేశమైన నాలుగో ఏడో, ఐదో ఏడో అదే ఇంటికి వెళ్లి చూడండి. చెట్టు పైకొమ్మల చివర్లు ఎండి ఉంటాయి. ఆకు పలచబడి, కింద నిలబడితే ఆకాశం కనబడుతుంది. మరుసటి ఏడు ఒక పెద్ద కొమ్మ ఎండుతుంది. ఇంట్లోవాళ్లు పురుగు పట్టిందంటారు. దిష్టి తగిలిందంటారు. బోరు నీళ్లు పడలేదంటారు. పునాది తవ్విన రోజు ఎవరికీ గుర్తుండదు. నిజానికి ఆ చెట్టుకు దెబ్బ తగిలింది ఆ రోజే.

ఎదిగిన చెట్టు సంగతిలో మనం ముందు తెలుసుకోవాల్సింది ఈ ఆలస్యమే. ఆవుకు దెబ్బ తగిలితే సాయంత్రానికి కుంటుతుంది, మనకు తెలుస్తుంది. చెట్టు ఏళ్ల తరబడి ఏమీ చెప్పదు. తన కాండంలో, పెద్ద వేర్లలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చు పెట్టుకుంటూ, పచ్చగానే కనిపిస్తూ బతుకుతుంది. గాదెలో గింజలున్నంతకాలం పంట పోయిన సంగతి పొరుగింటికి తెలియదు కదా, అలాగే. ఆ నిల్వ అయిపోయాకే కొమ్మలు ఎండడం మొదలవుతుంది. అప్పటికి మందు కోసం పరిగెత్తినా పెద్దగా చేయగలిగింది ఉండదు. అందుకే చెట్టు పచ్చగా ఉన్నప్పుడు చేయాల్సిన పనుల గురించి, అంతకంటే ముఖ్యంగా చేయకూడని పనుల గురించి ఈ రోజు చెబుతాను.

వేర్లతో మొదలుపెడదాం.

చెట్టు ఎంత ఎత్తు ఉంటే వేరు అంత లోతు ఉంటుందని మనలో చాలామంది అనుకుంటారు. కానీ నీళ్లు, పోషకాలు లాగే సన్న వేర్లలో ఎక్కువ భాగం నేలకు అడుగున్నర, రెండడుగుల లోపలే ఉంటాయి. లోతుకు వెళ్లడానికి బదులు అవి పక్కలకు పాకుతాయి. కొమ్మల నీడ ఎంతమేర పడుతుందో దానిని దాటి చాలా దూరం పోతాయి. మీ ఇంటి ముందరి వేప వేర్లు మీ ప్రహరీ కింద నుంచి రోడ్డు దాకా, పక్కింటి వాకిలి దాకా వెళ్లి ఉండొచ్చు. పైగా ఆ వేర్లకు నీళ్లతో పాటు గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య ఉండే సందుల్లోంచి అవి ఊపిరి పీలుస్తాయి.

ఇప్పుడు ఇల్లు కట్టేటప్పుడు ఏం జరుగుతుందో తలచుకోండి. ఇసుక లారీ, కంకర ట్రాక్టరు వచ్చి నీడగా ఉందని చెట్టు కిందే ఆగుతాయి. ఇనుప కడ్డీలు, ఇటుకలు అక్కడే దింపుతారు. కాంక్రీటు కలిపేదీ అక్కడే, ఆ పారలు, తట్టలు కడిగిన సున్నపు నీళ్లు పారబోసేదీ అక్కడే. బరువుకు మట్టి అదిమిపోయి గాలి సందులు మూసుకుంటాయి. ఒక పక్క పునాది, ఇంకో పక్క సెప్టిక్ ట్యాంకు, మూడో పక్క నీళ్ల సంపు తవ్వుతారు. వేర్లు మూడు పక్కలా తెగుతాయి. ఆఖర్లో వాకిలి ఎత్తు పెంచడానికి అడుగు మందం మొరం పోసి, దాని మీద గచ్చు చేసి, చెట్టు మొదలు చుట్టూ అందంగా గుండ్రటి సిమెంటు కట్ట కడతారు. కొమ్మ ఒక్కటి కూడా కొట్టలేదు కనుక చెట్టును కాపాడామనుకుంటారు.

ఢిల్లీలో రోడ్ల పక్క చెట్ల మొదళ్ల దాకా సిమెంటు పరిచిన సంగతి జాతీయ హరిత ధర్మాసనం ముందుకు వెళ్లింది. 2013లో ధర్మాసనం ప్రతి చెట్టు చుట్టూ కనీసం ఒక మీటరు మేర సిమెంటు తీసేయమని ఆదేశించింది. ఒక మీటరంటే నిజానికి చెట్టుకు చాలదు. చచ్చిపోకుండా ఉండడానికి కావాల్సిన కనీసం అది. మన ఇళ్లలో దానికోసం ఏ కోర్టూ అక్కర్లేదు, ఒక సమ్మెట, ఒక గడ్డపార, ఒక పూట చాలు.

గచ్చు లేకపోతే వానాకాలం బురద అవుతుందని ఇంట్లో ఆడవాళ్లు అంటారు. వాళ్లు అన్నదాంట్లో తప్పులేదు, మన నల్లరేగడి మట్టి చెప్పులకు అంటుకుంటే వదలదు. దానికి మనకు దగ్గర్లోనే దొరికే ఉపాయం ఉంది. కలబురగి వైపు నుంచి వచ్చే షాబాద్ బండలు సిమెంటు లేకుండా, పలచగా పోసిన ఇసుక మీద, బండకూ బండకూ మధ్య వేలెడు సందు వదిలి పరవండి. కాలికి బురద అంటదు, సందుల్లోంచి నీళ్లూ గాలీ లోపలికి దిగుతాయి. ఎప్పుడైనా పైపు మరమ్మతు వస్తే బండ లేపి మళ్లీ పెట్టుకోవచ్చు.

ఇల్లు ఇంకా కట్టనివాళ్లకు ఒక మాట. పని మొదలయ్యే ముందే చెట్టు చుట్టూ గుంజలు పాతి తాడు కట్టండి. చెట్ల పనివాళ్లు పాటించే ఒక లెక్క ఉంది. కాండం మనిషి రొమ్ము ఎత్తు దగ్గర ఎన్ని అంగుళాల అడ్డుకొలత ఉంటే, చుట్టూ అన్ని అడుగుల దూరం దాకా నేలను ముట్టుకోకూడదు. పద్దెనిమిది అంగుళాల వేపకు పద్దెనిమిది అడుగులు. ముప్పై నలభై సైటులో ఇది కుదరదని నాకు తెలుసు. కుదిరినంతైనా వదలండి. తవ్వక తప్పని చోట ఒకే పక్క తవ్వండి, మిగతా మూడు పక్కలు వదిలేయండి. బొటనవేలికంటే లావైన వేరు అడ్డొస్తే గడ్డపారతో చీల్చవద్దు, రంపంతో నున్నగా కోయండి. చీలిన వేరు కుళ్లినంత త్వరగా కోసిన వేరు కుళ్లదు. ఆ తర్వాత రెండు మూడు వేసవులు ఆ చెట్టుకు నీళ్లు పెట్టండి. మొదట్లో కాదు, కొమ్మల అంచు కింద, రెండు మూడు వారాలకొకసారి, నేల రెండడుగులు తడిసేలా. రోజూ ఒక బిందె పోస్తే పై మట్టి తడుస్తుందే గానీ వేరుకు అందదు.

నల్లరేగడి నేల గురించి ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి బీటలు వారుతుంది. గోడకు మరీ దగ్గరగా ఉన్న పెద్ద చెట్టు వేసవిలో నేలలోని తేమ లాగేస్తే ఆ కుంచించుకుపోవడం ఇంకా పెరుగుతుంది, పాత పద్ధతిలో లోతు తక్కువగా వేసిన పునాది ఉంటే గోడ పగులుతుంది. కనుక గోడ పగిలిందని చెట్టును తిట్టేవాళ్లందరూ అబద్ధం చెబుతున్నట్టు కాదు. కానీ అదే గోడ చెట్టు లేని ఇంట్లోనూ పగులుతుంది, నల్లరేగడిలో లోతు తక్కువ పునాది వేస్తే. కొత్తగా కట్టేవాళ్లు ఇంజనీరును అడిగి పునాదిని గట్టినేల దాకా దింపుకుంటే ఇంటికీ చెట్టుకూ తగాదా రాదు. తవ్వకం పొడుగునా కాకుండా పిల్లర్ల గుంతలకే పరిమితం చేస్తే వేర్లూ ఎక్కువ తెగవు.

మన వైపు ఇంకో అలవాటు ఉంది. పశువుల్ని చెట్టు మొదలుకే కట్టేస్తాం. ఔరాద్, భాల్కి, ఉద్గీర్ ప్రాంతమంతా దేవణి జాతి పశువులకు పేరు. అంత బరువైన ఎడ్లజత ఏళ్ల తరబడి ఒకే చోట నిలబడితే గిట్టల కింద నేల రాయి అవుతుంది. పలుపు ఒరుసుకుని బెరడు పోతుంది. మూత్రం ఎక్కువై సన్న వేర్లు మాడతాయి. చెట్టు నీడలోనే, నాలుగైదు గజాల దూరంలో ఒక గుంజ పాతండి, ఏడాదికొకసారి దాని చోటు మార్చండి. పశువుకు అదే నీడ.

రాలిన ఆకుల గురించి చెప్పి వేర్ల సంగతి ముగిస్తాను. వేప ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాలుస్తుంది, వాకిలి నిండిపోతుంది. ఊడ్చి చెట్టు మొదట్లోనే కుప్ప పోసి అంటించడం మనకు అలవాటు. ఆ మంట బెరడు కింద ఉన్న పలుచటి సజీవ పొరను ఉడికించేస్తుంది. పైకి మసి తప్ప ఏమీ కనబడదు, రెండేళ్లకు ఆ పక్క బెరడు ఊడిపోతుంది. ఆకును కాల్చకండి. కాండం నుంచి జానెడు ఖాళీ వదిలి, నీడ మేర రెండు మూడు అంగుళాల మందం పరచండి. వేసవిలో నేల తేమ ఆరదు, వానాకాలానికి ఎరువవుతుంది.

ఇక కొమ్మలు కొట్టడం. దీని గురించి కాస్త నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే పెద్ద చెట్లకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం గొడ్డలి పట్టిన చేతి వల్లే.

అమెరికా అటవీ శాఖలో అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త ఉండేవారు. చెట్టు లోపల కుళ్లు ఎలా పాకుతుందో తెలుసుకోవడానికి ఆయన ఎన్నో ఏళ్లు వేల చెట్లను మరరంపంతో నిలువునా కోసి చూశారు. చెట్టును అడ్డంగా కోసి ఉంగరాలు లెక్కపెట్టడమే అప్పటిదాకా ఎక్కువమందికి తెలుసు, నిలువునా కోస్తేనే గాయం కథ మొత్తం కనబడింది. ఆయన 1977లో ప్రకటించిన విషయం చెట్ల సంరక్షణ పద్ధతినే మార్చింది. మన చర్మం తెగితే ఆ చోటే కొత్త చర్మం వస్తుంది. చెట్టుకు అలా రాదు. తెగిన చోటు ఎప్పటికీ తెగినట్టే ఉంటుంది. చెట్టు చేసేదల్లా ఆ చోటు చుట్టూ లోపలి నుంచి గోడలు కట్టి, కుళ్లు ముందుకు పాకకుండా ఆపి, దాని మీదుగా కొత్త కలప పెంచుకోవడం. అంటే మీరు ఈ రోజు వేసిన గొడ్డలి దెబ్బ ఆ చెట్టు బతికినంతకాలం దాని లోపల ఉంటుంది. యాభై ఏళ్ల తర్వాత కోసి చూసినా కనబడుతుంది.

ఆ గోడ ఎక్కడ గట్టిగా కట్టుకోగలదో చెట్టే మనకు గుర్తు పెట్టి ఉంచింది. కొమ్మ కాండంలో కలిసేచోట జాగ్రత్తగా చూడండి, చుట్టూ కొంచెం ఉబ్బెత్తుగా, ముడతలతో ఒక పట్టీ ఉంటుంది. ఆ పట్టీ కాండానిది, కొమ్మది కాదు. కోత ఆ పట్టీకి సరిగ్గా వెలుపల పడాలి. పట్టీని కూడా కలిపి కాండానికి సమంగా చెక్కేస్తే గాయం పెద్దదవుతుంది, గోడ కట్టుకునే భాగమే పోతుంది. అలాగని మూరెడు మొద్దు వదిలేస్తే అది ఎండి, కుళ్లి, ఆ కుళ్లు కాండంలోకి దారి చేసుకుంటుంది.

పెద్ద కొమ్మను ఒక్క దెబ్బతో కోస్తే సగం తెగగానే బరువుకు విరిగి, కాండం బెరడును కిందిదాకా చీల్చుకుంటూ పడుతుంది. అందుకని మూడు కోతలు. రేడియోలో చేత్తో చూపించలేను కనుక మాటల్లో వినండి. మొదటి కోత కాండానికి అడుగున్నర దూరంలో, కొమ్మ అడుగు వైపు నుంచి పైకి, మందంలో మూడోవంతు. రెండో కోత అక్కడి నుంచి ఇంకో నాలుగు అంగుళాలు బయటికి జరిగి, పై నుంచి కిందికి, పూర్తిగా. ఇప్పుడు కొమ్మ బరువు పోయింది, చిన్న మొద్దు మిగిలింది. మూడో కోత ఆ మొద్దును పట్టీకి వెలుపల నున్నగా తీసేయడం. మళ్లీ చెబుతాను: కింద నుంచి కొంత, బయట పై నుంచి మొత్తం, ఆఖరికి పట్టీ దగ్గర. రంపంతోనే చేయాలి, గొడ్డలితో కాదు.

కోసిన చోట తారు, రంగు పూయాలా అని అడుగుతారు. ఇంటి చెట్లకు అక్కర్లేదు. పైపూత కుళ్లును ఆపదని షైగో పరిశోధనలు తేల్చాయి, పూత కింద తేమ నిలిస్తే శిలీంధ్రానికే మేలు. మామిడి తోటల్లో రైతులు బోర్డో ముద్ద వాడతారు, అది తోట తెగుళ్ల లెక్క, అది వేరు. కాండంలో తొర్రకు సిమెంటు కూరడం మాత్రం పూర్తిగా మానేయాలి. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెండింటి రాపిడికి తొర్ర ఇంకా పెరుగుతుంది, నీళ్లు లోపలే నిలుస్తాయి. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోదు. హైదరాబాద్ గోల్కొండ నయాఖిలాలో హాథియాన్ కా ఝాడ్ అని పిలిచే బావోబాబ్ చెట్టు ఉంది. కాండం మనుషులు దూరేంత బోలుగా ఉన్నా వందల ఏళ్లుగా నిలబడే ఉంది. చుట్టూ ఉన్న గట్టి కలప ఎంత మందం ఉందన్నదే చూడాలి.

అన్నిటికంటే పెద్ద హాని చెట్టు తల నరకడం. వానాకాలానికి ముందు కరెంటు తీగల కోసమనో, ఆకు చెత్త పడుతోందనో, మిద్దె కంటే ఎత్తు పెరిగిందనో పై భాగమంతా నరికి మోడు చేస్తారు. మూడు నెలల్లో గుబురుగా చిగురించగానే బాగా వచ్చిందని సంతోషిస్తారు. ఆ చిగురు ఆకలికి వేసిన చిగురు. ఆ కొత్త రెమ్మలు బెరడుకు కొంచెం లోపల మాత్రమే అతుక్కుని ఉంటాయి, అసలు కొమ్మల్లా కలపలో లోతుగా పాతుకుని ఉండవు. అవి వేగంగా పొడవు పెరుగుతాయి, కింద నరికిన మోడు మెల్లగా కుళ్లుతూ ఉంటుంది. ఏడెనిమిదేళ్లకు ఆ కొమ్మలు మిద్దె మీద పడే బరువుకు చేరేసరికి వాటిని పట్టుకున్న కలప పుచ్చిపోయి ఉంటుంది. భయంతో నరికిన చెట్టే నిజంగా భయపడాల్సిన చెట్టు అవుతుంది. తీగకు అడ్డొచ్చే కొమ్మను దాని మొదలు దాకా వెళ్లి పట్టీ దగ్గర కోయండి, మిగతా తల ముట్టుకోవద్దు. ఏ ఏడాదైనా ఆకులో నాలుగోవంతుకు మించి తీయకూడదు. కొమ్మలు కొట్టే మనిషిని పిలిచి "కాకా, నీ ఇష్టం, కొట్టేయ్" అని లోపలికి వెళ్లిపోకండి. ఏ కొమ్మ, ఎక్కడ అన్నది కింద నిలబడి మీరే చూపించండి. వంటచెరకు కోసం కొట్టేవాడికి లావు కొమ్మ మీదే కన్నుంటుంది, అది అతని తప్పు కాదు, అతని కూలి దాంట్లోనే ఉంది. ముందుగా కూలి మాట్లాడుకుని కట్టె మీరే ఉంచుకుంటే కోత బాగుంటుంది.

కాండానికి బిగించిన బట్టల తీగ, మేకులు, బోర్డులు, ఉయ్యాల గొలుసులు, ఇవి కూడా చూసి తీసేయండి. తీగ బెరడులోకి దిగిపోయి ఉంటే లాగొద్దు, రెండు పక్కలా కత్తిరించి వదిలేయండి.

ఇంతవరకు ఆలస్యంగా బయటపడే దెబ్బల గురించి చెప్పాను. దీనికి తలకిందులైన కథ కూడా మనం చూశాం. 2021లో వానలు తగ్గే సమయానికి తెలంగాణ అంతటా వేపచెట్లు కాల్చినట్టు మాడిపోయాయి. కొమ్మల చివరి నుంచి వెనక్కి ఎండుతూ వచ్చాయి. సరిహద్దు అవతల ఊళ్లలో జనం బెంబేలెత్తిపోయారు. వేప పోతే అమ్మవారికి కోపం వచ్చినట్టేనని కొందరు, ఇక వేప జాతే ఉండదని కొందరు. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పరిశీలించి, ఇది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు అని, లేత చిగుళ్లలో రసం పీల్చే టీ దోమ కూడా తోడైందని చెప్పారు. కొత్త తెగులేమీ కాదు, వేప మీది ఈ శిలీంధ్రాన్ని మన దేశంలో 1990ల్లోనే గుర్తించి పేరు పెట్టారు. ఆ ఏడు ఉధృతి ఎక్కువైంది.

చచ్చిపోయిందనుకుని కొందరు చెట్లు కొట్టించేశారు. ఓపిక పట్టినవాళ్ల చెట్లు చాలావరకు వేసవి చిగురుతో తేరుకున్నాయి. పునాది దెబ్బకు పచ్చగా ఉంటూనే చస్తున్న చెట్టు, ఈ తెగులుకు ఎండినట్టే కనబడుతూ బతికున్న చెట్టు, రెండూ వేపలే. చూపుతో తీర్పు చెప్పకూడదు. ఎండిన రెమ్మ బెరడును గోటితో గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే అది బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకా కిందికి, లావు కొమ్మ దగ్గరికి వచ్చి గీకండి. ఎక్కడ పచ్చదనం మొదలవుతుందో అక్కడి దాకానే ఎండింది. ఎండినవి తీసేసి దూరంగా వేసి, ఒక చిగురు కాలం చూడండి. నలభై అడుగుల చెట్టుకు ఇళ్ల మధ్య మందు కొట్టించడం నాకు సమ్మతం కాదు. ఆ తుంపర మీ వంటింట్లోకి, పక్కింటి నీళ్ల తొట్టిలోకి, తేనెటీగల మీదికి పోతుంది. చిన్న మొక్కలకు వ్యవసాయ అధికారిని అడిగి వాడితే వేరు.

మందు అనగానే పిల్లలమర్రి గుర్తొస్తుంది. మహబూబ్‌నగర్ పక్కన మూడెకరాల మేర పరచుకున్న, ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే మర్రి. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చూస్తే చెదలు లోపల తొలిచేశాయి. సందర్శకుల్ని ఆపేశారు. మరుసటి ఏడు అటవీ శాఖవాళ్లు చెదల మందును నేరుగా రంధ్రాల్లో పోస్తే కారిపోతోందని, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి చుక్కలు చుక్కలుగా కాండంలోకి దింపారు. వాలిన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు నిలబెట్టారు. ఆ సీసాల ఫొటోలు దేశమంతా చూసింది. మనం ఆశ్చర్యపోయింది ఆ సీసాలు చూసి. నాకు మాత్రం అంతకు ముందు ఏళ్ల మీదే ఆలోచన పోతుంది. కొమ్మ విరిగేంత చెద ఒక్క వానాకాలంలో తొలవదు. అన్నాళ్లూ రోజూ ఎందరో ఆ చెట్టు కిందే తిరిగారు.

మన ఇంటి చెట్టుకు సీసాలు కట్టే స్థితి రాకూడదంటే ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు, వానలు తగ్గాక, చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినట్టు నడిచి చూడాలి. బెరడు మీద చెదల మట్టి కనబడితే వెంటనే బెదరక్కర్లేదు. అవి తరచు చచ్చిన పై బెరడునే తింటాయి. మట్టి దులిపి, చేత్తో తట్టి లోపల గట్టిగా ఉందా చూడండి. మొదట్లో, వేర్ల మీద, గట్టి విసనకర్రల్లా పుట్టగొడుగులు అతుక్కుని ఉంటే అది పెద్ద హెచ్చరిక. లోపల వేరు కుళ్లుతోందన్నమాట. రెండు పెద్ద కొమ్మలు ఇరుకు కోణంలో కలిసేచోట కొత్త చీలిక, ఒక పక్క నేల ఉబ్బడం, నిరుటి కంటే ఎక్కువ వాలు, ఇంటి మీదికి ఉన్న ఎండుకొమ్మ, వీటిలో ఏది కనబడినా వాయిదా వేయకండి. మామిడి మీద బదనిక కనబడితే దాని కాయ పండకముందే ఆ కొమ్మతో సహా కోసేయండి. పండితే పిట్టలు దాని గింజల్ని మిగతా కొమ్మలకు అంటిస్తాయి.

2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మరాఠ్వాడా మీదుగా వచ్చిన వడగళ్ల వానలు ఈ ప్రాంతంలో చాలామందికి గుర్తుంటాయి. అలాంటి గాలివానల్లో అన్నిటికంటే ముందు విరిగేవి ఇదివరకే చెప్పిన మోడు చేసిన చెట్ల కొమ్మలు, ఒక పక్క వేర్లు కోల్పోయిన చెట్లు. గాలి తప్పు ఎంతో, మన తప్పు ఎంతో అప్పుడు చూస్తే తెలుస్తుంది.

అయినా కొన్ని చెట్లు తీయక తప్పదు. నేల ఉబ్బి ఇంటి మీదికి వాలుతున్న చెట్టు కింద పిల్లలు పడుకోకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. మన ఔరాద్‌లో 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ఉంది. చెట్టు మీ సొంత స్థలంలో ఉన్నా సరే, కొట్టాలంటే ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. కొబ్బరి, నీలగిరి, సుబాబుల్ వంటి కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. చచ్చిపోయిన, జబ్బుపడిన, మనుషులకో ఇళ్లకో ప్రమాదమైన చెట్టుకు అనుమతి ఇచ్చే దారి చట్టంలోనే ఉంది. అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి, అటవీ శాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. సరిహద్దు దాటి నారాయణఖేడ్‌లోనో జుక్కల్‌లోనో ఇల్లున్నవాళ్లకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనేది, వర్తిస్తుంది. అక్కడా అనుమతి కావాలి. 1956 దాకా ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఊళ్లు ఇవి, ఇప్పుడు చట్టాలు వేరు, వేపలు అవే.

కొట్టకుండా వేర్లతో సహా పెకలించి వేరేచోట నాటొచ్చు కదా అని ఈ మధ్య అడుగుతున్నారు. 2022లో సిరిసిల్ల జిల్లా సుద్దాల గ్రామంలో వానకు కూలిపోయిన పెద్ద మర్రిని క్రేన్లతో, భారీ వాహనంతో తరలించి జిల్లెల్ల అడవిలో నాటారు, అది చిగురించింది. వినడానికి ఎంతో బాగుంది, ఆ పని చేసినవాళ్లను మెచ్చుకోవాలి. కానీ మర్రి, రావి కొమ్మ పాతినా బతికే జాతులు. నిండా ఎదిగిన చింతకు, వేపకు, మామిడికి ఆ ఖర్చు పెట్టి ఆశ పెట్టుకోవద్దని నా సలహా. మర్రి శక్తి వేరు. హౌరా బొటానికల్ గార్డెన్‌లోని పెద్ద మర్రికి తుఫానుల్లో దెబ్బతిని శిలీంధ్రం పట్టిన అసలు కాండాన్ని 1925లో తీసేశారు. ఆ చెట్టు ఈనాటికీ తన ఊడల మీదే నిలబడి ఇంకా పరచుకుంటోంది. మీ పెరట్లో మర్రి ఉంటే, నేలకు దిగుతున్న లేత ఊడల్ని కత్తిరించకండి. వెదురు బొంగును నిలువునా చీల్చి, మట్టి, పేడ నింపి ఊడ చుట్టూ కట్టి నేల దాకా దారి చూపండి. నేల అందిన ఊడ కొన్నేళ్లకు స్తంభమై ఆ కొమ్మ బరువు మోస్తుంది.

మిగతా చెట్లకు ఊడలు లేవు. మీ వేపో చింతో ముసలిదైందని, ఇంకో పది పదిహేనేళ్లకు మించి ఉండదని మీకు అనిపిస్తే, అది పడేదాకా ఆగకుండా ఈ జూన్‌లోనే, వానలు పడగానే, దాని నీడ అంచుకు కాస్త బయట, గోడకు పదిహేనడుగులైనా ఎడంగా ఒక మొక్క నాటండి. అదే చెట్టు కింద మొలిచిన పిల్లమొక్క అయినా ఫరవాలేదు, ఈ నేల, ఈ నీళ్లు దానికి అలవాటే. రెండు వేసవులు నీళ్లు పోయండి, మేకలు తినకుండా ముళ్లకంప కట్టండి. పాతచెట్టుకు పర్మిషన్ అడగాల్సిన రోజు వచ్చేసరికి కొత్తది మిద్దె ఎత్తుకు వచ్చి ఉంటుంది.